పేదవాని దుప్పటి, 201వ యూనిట్



నిర్గమకాండము 22వ అధ్యాయం చివరి భాగంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. పది ఆజ్ఞల్లా దీనిని మనం కంఠస్థం చేయం, సండే స్కూల్ పిల్లలకు నేర్పం. బీదవాడు అప్పు తీసుకుని తన పైబట్టను మీ దగ్గర తాకట్టు పెడితే, పొద్దు గుంకేలోపు ఆ బట్టను అతనికి తిరిగి ఇచ్చేయాలి. అతనికి రాత్రి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. అది లేకపోతే అతడు ఏం కప్పుకుని పడుకుంటాడని దేవుడే అడుగుతున్నాడు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఇదే ఆజ్ఞ మళ్ళీ వస్తుంది. తాకట్టు బట్టల మీద పడుకుని ఆరాధన చేసేవారిని ఆమోసు ప్రవక్త 2వ అధ్యాయంలో గద్దించాడు.

ఈ ఆజ్ఞను జాగ్రత్తగా గమనించండి. అప్పు అబద్ధమని దేవుడు అనలేదు. అప్పు నిజమే, తాకట్టు కూడా న్యాయంగా జరిగిందే. తీసుకున్నవాడు తీర్చాల్సిందే. కానీ రాత్రి చలి మాత్రం బాకీ తీరిందా లేదా అని చూసి రాదు. అందుకే ఒక మనిషి ప్రాణం నిలవడానికి ఆ రాత్రికి ఏది అవసరమో దాన్ని లెక్కల మధ్య నుంచి దేవుడు పక్కకు తీసి పెట్టాడు. లెక్క రేపు చూసుకో, దుప్పటి ఈ రాత్రే ఇవ్వు అన్నాడు.

ఆ దేశంలో ప్రాణం తీసేది చలి. మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ప్రాణం తీసేది ఎండ. అక్కడ పేదవాని దుప్పటి ఏదో, ఇక్కడ పేదవాని ఫ్యాను, కూలరు అది. కాబట్టి ఈ వారం మేము కరెంటు బిల్లు గురించి రాస్తున్నాము. పాస్టరు గారికి కరెంటు బిల్లుతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. దేవుడు దుప్పటి గురించి ఆజ్ఞ ఇచ్చాడంటే, సేవకుడు ఫ్యాను గురించి మాట్లాడటంలో తప్పు లేదని మా అభిప్రాయం.

ముందుగా మేలును మేలుగా ఒప్పుకుందాం. తెలంగాణలో 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి పథకం మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్ల లోపు వాడుకునే ఇంటికి ఆ మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. మన సంఘంలో చాలా ఇళ్ళకు ఇది నిజమైన ఆదరణ. నెలనెలా కరెంటుకు పోయే రెండు మూడు వందల రూపాయలు ఇప్పుడు పిల్లల పుస్తకాలకు, బీపీ మాత్రలకు పోతున్నాయి. అద్దె ఇళ్ళలో ఉన్నవారికి కూడా ఇది వర్తించడం మంచి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మన బంధువుల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు కూడా నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇచ్చినవారిని తప్పుపట్టడానికి మేము రాయడం లేదు. ఇచ్చిన మేలు, అది అందరికంటే ఎక్కువ అవసరమైన నెలలోనే చేతిలో నుంచి జారిపోతోంది. మా బాధ అదే.

లెక్క చూద్దాం. మన పేటలో మామూలు రేకుల ఇల్లు ఒకటి తీసుకోండి. రెండు పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు. ఎండాకాలంలో రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. ఒక కూలరు, 180 వాట్లది, రోజుకు 12 గంటలు నడిస్తే దాదాపు 65 యూనిట్లు. చిన్న ఫ్రిజ్జుకు 36 వేసుకోండి. టీవీ, బల్బులు, సెల్ ఫోన్లు, మిక్సీ అన్నీ కలిపి 18. మొత్తం 191. ఏసీ లేదు, గీజరు లేదు, దుబారా ఏమీ లేదు. అయినా హద్దుకు తొమ్మిది యూనిట్ల దూరంలో ఆ ఇల్లు నిలబడి ఉంది.

ఇప్పుడు మే నెలలో ఆ ఇంటి కూతురు పురిటికి వచ్చింది. బాలింతరాలిని, పసిబిడ్డను ఉక్కలో పడుకోబెట్టలేరు గదా. లోపలి గదిలో ఇంకొక ఫ్యాను రోజుకు పది గంటలు తిరుగుతుంది. అది నెలకు 22 యూనిట్లు. మొత్తం 213 అయింది. హద్దు దాటింది 13 యూనిట్లే. మరి ఆ 13 యూనిట్లకే డబ్బు కట్టమంటారా? అలా అనరు. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. పైగా 200 దాటినవారికి యూనిట్ ధర కూడా మారిపోతుంది. 2022-23 నుంచి తెలంగాణలో ఉన్న గృహ వినియోగ ధరల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు ఒక్కొక్కటి రూ. 5.10, ఆ పైన 300 వరకు రూ. 7.70. అంటే 213 యూనిట్లకు కరెంటు ధరే రూ. 1,120, దాని మీద ఇతర ఛార్జీలు అదనం. ఎక్కువ వాడుకున్న 13 యూనిట్లకు మాత్రమే తీసుకుని ఉంటే ఆ ధర వంద రూపాయలు అయ్యేది.

ఇంకొక విధంగా చెప్పాలంటే, 200వ యూనిట్ వరకు బిల్లు సున్నా. 201వ యూనిట్ తిరిగేసరికి వెయ్యి రూపాయలు దాటుతుంది. మిరపకాయలు ఏరడానికి పోయే మన సహోదరికి అది మూడు నాలుగు రోజుల కూలి. అది కూడా కూలి పనులు సన్నగిల్లే మే నెలలో.

ఇలాంటి హద్దు మనుషుల చేత ఏం చేయిస్తుందో కాపరులుగా మేము ఇళ్ళకు వెళ్ళినప్పుడు చూస్తున్నాము. నెల మధ్యలోనే మీటరు దగ్గరికి వెళ్ళి అంకెలు చూసుకుంటారు. 150 దాటితే గుబులు మొదలవుతుంది. ముందు ఆపేది ఎవరి కూలరు? సంపాదించే కొడుకుది ఆపరు, రేపు పనికి పోవాలి. పిల్లలది ఆపరు, తల్లి మనసు ఒప్పదు. ముసలమ్మ తనంతట తానే లేచి ఆపేసుకుంటుంది. "నాకు ఉక్క అనిపించట్లేదు బిడ్డా, మీరు పడుకోండి" అంటుంది. అది అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ వెయ్యి రూపాయల భయం ముందు ఆ అబద్ధాన్ని అందరూ నిజమన్నట్టే ఊరుకుంటారు.

పగలంతా కాలిన రేకులు రాత్రి పది దాటినా వేడిని దించుతూనే ఉంటాయి. పగటి ఎండకు అలసిన శరీరం రాత్రి చల్లదనంలో కోలుకోవాలి. రాత్రి కూడా చల్లబడకపోతే గుండె మీద, మూత్రపిండాల మీద భారం పడుతుంది. వృద్ధులకు, పసిపిల్లలకు, బీపీ, షుగరు ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం. గదిలోని గాలి ఒంటి వేడిని మించినప్పుడు ఒట్టి ఫ్యాను కూడా వేడి గాలినే విసురుతుంది. అందుకే తడి గుడ్డ గాని, కూలరు గాని కావాలి. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువమంది కూలి పని చేసుకునేవారు, వృద్ధులు. ఎండ అందరి మీదా సమానంగానే కాస్తుంది. దాని నుంచి తప్పించుకునే నీడ మాత్రం అందరికీ సమానంగా లేదు.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర స్థాయి విపత్తుగా గుర్తించింది. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. ఇది దయగల నిర్ణయం. దీని వెనుక ఒక ఒప్పుకోలు కూడా ఉంది. ఎండ కూడా తుఫాను లాంటి, వరద లాంటి విపత్తేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. అలాంటప్పుడు ఒక ప్రశ్న అడగవచ్చు. చనిపోయాక కుటుంబానికి 4 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడిన చేయి, బతికి ఉండగా ఆ ఇంటికి మూడు నెలలు కొన్ని యూనిట్లు ఎక్కువ ఇవ్వకూడదా? వరద వచ్చినప్పుడు పడవ పంపిస్తాం, మునిగిపోయాక లెక్క కడదాం అని ఆగం. ఎండకు పడవ ఆ కూలరే.

ఇక్కడ యోసేపు సంగతి గుర్తు చేసుకుందాం. ఆదికాండము 41వ అధ్యాయంలో ఐగుప్తు దేశానికి ఏడు సంవత్సరాల సమృద్ధి, తరువాత ఏడు సంవత్సరాల కరువు వచ్చాయి. యోసేపు కొత్తగా ధాన్యం పుట్టించలేదు. పండిన కాలంలో మిగిలినది ఎండిన కాలానికి లెక్కగా చేరవేశాడు. అతని జ్ఞానమంతా ఆ చేరవేతలోనే ఉంది.

మనం చెప్పుకున్న ఇంటికి ఆ లెక్క వేద్దాం. నెలకు 200 అంటే ఏడాదికి 2,400 యూనిట్లు. చలికాలం నాలుగు నెలలు ఫ్యాన్లు పెద్దగా తిరగవు, నెలకు 90 అనుకోండి, 360 అయింది. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలు 215 చొప్పున 645. మిగిలిన ఐదు నెలలు 140 చొప్పున 700. ఏడాది మొత్తం 1,705 యూనిట్లు. ప్రభుత్వం మాట ఇచ్చిన 2,400లో ఇంకా దాదాపు 700 మిగిలే ఉన్నాయి! ఆ ఇల్లు ఏడాది మొత్తం మీద హద్దు దాటలేదు. క్యాలెండరులో తప్పు గళ్ళలో వాడుకుంది, అంతే. డిసెంబరులో వాడుకోని యూనిట్లు డిసెంబరు 31తోనే పోయాయి. మేలో 13 యూనిట్లు ఎక్కువైనందుకు శిక్ష పడింది.

కాబట్టి మా మనవి మూడు మాటల్లో చెబుతాము. మొదటిది, హద్దును నెలకు కాకుండా ఏడాదికి లెక్కించాలి, లేదా కనీసం ఏప్రిల్ నుంచి జూన్ వరకు 250కి పెంచాలి. రెండవది, హద్దు దాటితే దాటిన యూనిట్లకే డబ్బు తీసుకోవాలి గాని, మొత్తం మేలును వెనక్కు లాక్కోకూడదు. మూడవది, ఆ మూడు నెలల్లో తెల్ల కార్డు ఇంటి కరెంటును బాకీ కోసం తీసేయకూడదు. బాకీ ఉండనివ్వండి, వాయిదాల మీద వసూలు చేసుకోండి. పొద్దు గుంకేలోపు దుప్పటి ఇచ్చేయమన్న ఆజ్ఞ ఈ మూడవ మాటలోనే ఉంది.

ఇది ఎక్కడా జరగని పని కాదు. అమెరికాలో ఉన్న మన సంఘం పిల్లలు తమ చుట్టుపక్కల ఈ సంగతులు వినే ఉంటారు. పేదల ఇళ్ళలో చలికి హీటరు బిల్లు, ఎండకు ఏసీ బిల్లు కట్టడానికి ఆ దేశంలో 1981 నుంచి కేంద్ర ప్రభుత్వ సాయం ఉంది. దానిని లైహీప్ అంటారు. అది హక్కుగా వచ్చేది కాదు, కేటాయించిన డబ్బు అయిపోతే అర్హులైనవారు కూడా ఆగిపోవాల్సిందే. ఆ లోపం ఉన్నా, ఇంటి వేడి, చల్లదనం కూడా పేదవాని కనీస అవసరాల్లో ఒకటని ఒక పెద్ద దేశం నాలుగు దశాబ్దాలుగా ఒప్పుకుంటోంది. మంచు ఎక్కువగా పడే మిన్నెసోటా రాష్ట్రంలో అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు, బిల్లు బాకీ ఉన్న ఇంట్లో వేడి ఆగిపోకుండా ప్రత్యేక రక్షణ నియమం ఉంది.

ఎడారి రాష్ట్రమైన అరిజోనాలో జరిగింది మరీ ఆలోచించదగినది. 2018 సెప్టెంబరులో మండే ఎండల్లో ఒక వృద్ధురాలి ఇంటికి కరెంటు తీసేశారు. ఆమె బిల్లులో చాలా భాగం కట్టేసింది, మిగిలిన బాకీ 52 డాలర్ల లోపే. ఆమె ఆ ఇంట్లోనే వేడికి చనిపోయింది. తరువాతి ఏడాది ఆ సంగతి బయటపడి ప్రజలు ప్రశ్నించాక, ఎండాకాలంలో బాకీల కోసం ఇళ్ళకు కరెంటు తీయకూడదని అక్కడి నియంత్రణ సంఘం ఆపించింది. ఒక ప్రాణం పోయిన తరువాత వారికి వచ్చిన నియమం, మనకు ప్రాణం పోకముందే రావచ్చు గదా.

దీనికి ఎదురు మాటలు ఉన్నాయి. అవి తేలిగ్గా కొట్టేయదగినవి కావు.

ఉచితాలు మనుషులను సోమరులను చేస్తాయని కొందరు అంటారు. మన సంఘంలో కూడా అనేవారు ఉన్నారు. పని చేయనివాడు భోజనం చేయకూడదని పౌలు థెస్సలొనీకయులకు చెప్పిన మాటను చూపిస్తారు. పౌలు ఆ మాట చెప్పింది ఏ పనీ చేయకుండా పరుల జోలికి పోయేవారికి. మనం మాట్లాడుకుంటున్నది తెల్లవారుజామున లేచి పొలానికి పోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చి, రాత్రి నిద్ర పడితేగాని మరుసటి రోజు పనికి పోలేని మనుషుల గురించి. రాత్రి నిద్రే వారి రేపటి కూలి. సోమరికి ఫ్యాను అవసరం తక్కువ, వాడు చెట్టు కింద పగలే పడుకుంటాడు.

హద్దు లేకపోతే దుబారా పెరుగుతుందని మరికొందరు అంటారు. ఇందులో నిజం ఉంది. 200 హద్దు వచ్చాక చాలా ఇళ్ళలో అనవసరంగా లైటు వెలగడం తగ్గింది, అది మంచి అలవాటు. అందుకే మేము హద్దును తీసేయమనడం లేదు. ఏడాదికి 2,400 కూడా హద్దే. దాటిన యూనిట్లకు ధర కట్టడం కూడా క్రమశిక్షణే. కానీ మెట్టు ఉండాల్సిన చోట గొయ్యి ఉండకూడదు. మెట్టు దగ్గర మనిషి జాగ్రత్తగా అడుగు వేస్తాడు. గోతి దగ్గర భయంతో ముసలమ్మ కూలరు ఆపేస్తుంది.

విద్యుత్ సంస్థలు ఇప్పటికే నష్టాల్లో ఉన్నాయని మూడవ మాట. ఇదీ నిజమే. ప్రభుత్వం మాట ఇచ్చినప్పుడు ఆ సొమ్మును సకాలంలో సంస్థలకు కట్టాలి, లేకపోతే ఒకరి బాకీ తీర్చి ఇంకొకరిని బాకీలో ముంచినట్టే. అయితే మేము అడుగుతున్నది ఎంత? ఒక ఇంటికి నెలకు 50 యూనిట్ల చొప్పున మూడు నెలలు, అంటే 150 యూనిట్లు. 200 పైన ఉన్న ధర వేసినా ఏడాదికి రూ. 1,155. నిజంగా దాటేది అన్ని ఇళ్ళూ కాదు, పూర్తిగా 50 దాటేవి ఇంకా తక్కువ. పైగా తెలంగాణలో కరెంటు వాడకం శిఖరానికి చేరేది సాధారణంగా యాసంగి పంటలకు మోటార్లు తిరిగే మార్చి రోజుల్లో. మే నెలలో పేదవాని కూలరు వల్ల కాదు. కరెంటును గాదెలో దాచలేమని అనవచ్చు. దాచలేము. కానీ ఇచ్చిన మాటను దాచుకోవచ్చు, డిసెంబరులో మిగిలినదాన్ని మేలో నిలబెట్టుకోవచ్చు.

ఇంతవరకు ప్రభుత్వం చేయాల్సింది చెప్పాము. ఇక్కడితో ఆపితే అది వాక్యమునకు సగమే అవుతుంది. యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో ఒక పోలిక చెప్పాడు. ఒంటి మీద సరైన బట్ట లేనివాడిని చూసి, వెచ్చగా ఉండు, కడుపునిండా తిను అని దీవించి, చేతికి ఏమీ ఇవ్వకుండా పంపించేస్తే ఆ మాట వల్ల ప్రయోజనం ఏమిటని అడిగాడు. మన భాషలో అయితే, ఉక్కపోతలో ఉన్న ముసలమ్మకు ప్రార్థన చేసి, చల్లగా ఉండు తల్లీ అని బయటికి రావడం. ప్రభుత్వం వింటుందో లేదో మన చేతిలో లేదు. సంఘముగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

మొదట కాగితాలు. ఎన్నో ఏళ్ళ తరువాత 2025లో కొత్త రేషన్ కార్డులు వచ్చాయి. కార్డు వచ్చినా గృహజ్యోతి రానివారు ఉన్నారు. కార్డుకు, ఆధారుకు, మీటరు సర్వీసు నంబరుకు ముడి పడకపోవడమే చాలాచోట్ల కారణం. అన్నదమ్ములు వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకున్నా, మీటరు ఒక్కటే ఉన్న ఇళ్ళు మన పేటలో ఉన్నాయి. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే 200 దాటకుండా ఎలా ఉంటుంది? అలాంటివారు వేరే మీటరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. కాలేజీ చదువుతున్న యౌవనస్థులారా, మీలో ఒక్కొక్కరు ఐదు ఇళ్ళు తీసుకోండి. వారి బిల్లు, కార్డు, ఆధారు చూసి, తేడా ఉంటే మండల పరిషత్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రానికి వెంట వెళ్ళండి. చదువు రానివారి పక్కన కౌంటరు దగ్గర నిలబడటం కూడా పరిచర్యే.

రెండవది పైకప్పులు. రేకుల మీద, స్లాబు మీద తెల్లని సున్నం రెండు పూతలు వేస్తే ఎండలో చాలా భాగం పైకే తిరిగిపోతుంది, లోపల వేడి తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. సున్నం రాత్రంతా నానబెట్టి, పట్టు కోసం కాస్త జిగురు కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం వేయాలి. సిమెంటు రేకుల మీద నేరుగా కాలు పెట్టకూడదు, విరుగుతాయి. పలక వేసుకుని దాని మీద నిలబడాలి. కళ్ళలో సున్నం పడకుండా చూసుకోవాలి. శ్రమ దినాల్లో మనం నలభై రోజులు ఉపవాస ప్రార్థనలు చేస్తాము. ఆ శనివారాల్లో సాయంత్రం రెండు ఇళ్ళ చొప్పున, విధవరాండ్ర ఇళ్ళతో మొదలుపెట్టి వేస్తే, ఈస్టరు నాటికి పది ఇళ్ళకు పైగా పూర్తవుతాయి. ఎండలు ముదిరేలోపు కప్పులు తెల్లబడతాయి.

మూడవది ఫ్యాన్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30 వాట్లతో తిరుగుతుంది. పాత 75 వాట్ల ఫ్యాను బదులు అది పెడితే రోజుకు 16 గంటల వాడకానికి నెలకు 21 యూనిట్లు మిగులుతాయి. పైన చెప్పిన ఇంటిలో రెండు ఫ్యాన్లలో ఒక్కటి మార్చినా 213 కాస్తా 192కి దిగుతుంది, ఆ ఇల్లు హద్దు లోపలికి వచ్చేస్తుంది. అంటే సరైన ఇంటికి ఒక్క ఫ్యాను ఇస్తే ఎండాకాలంలో ప్రతి నెలా వెయ్యి రూపాయలు ఇచ్చినట్టే. పుట్టినరోజుకు, పెళ్ళిరోజుకు మందిరానికి ఏదైనా వస్తువు ఇవ్వాలనుకునే మన కుటుంబాలు, మందిరంలో ఇప్పటికే ఉన్న కుర్చీల పక్కన ఇంకొక కుర్చీ వేసే బదులు ఒక పేద ఇంటికి ఫ్యాను ఇవ్వండి. దాని మీద పేరు రాయించవద్దు. దేవునికి పేరు తెలుసు.

నాలుగవది మందిరము. మన మందిరానికి ఎత్తయిన కప్పు ఉంది, ఆరు ఫ్యాన్లు ఉన్నాయి, చుట్టూ వేపచెట్ల నీడ ఉంది. ఆదివారం మూడు గంటలు తప్ప వారమంతా తాళం వేసి ఉంటుంది. ఏప్రిల్ మొదటి వారం నుంచి జూన్‌లో వానలు పడేదాకా రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు తలుపులు తెరిచి ఉంచాలని పెద్దలతో మాట్లాడుతున్నాము. కుండల్లో నీళ్ళు, మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు, పడుకోవడానికి చాపలు ఉంటాయి. ఎవరైనా రావచ్చు. ఏ మతమని అడగము, ప్రార్థనకు కూర్చోమని ఒత్తిడి చేయము. చిన్నవారిలో ఒకరికి గిన్నెడు చల్లని నీళ్ళు ఇవ్వడం గురించి ప్రభువు చెప్పినప్పుడు, ఆ దాహం ఎవరిదో ముందు విచారించమని చెప్పలేదు. దీనివల్ల మందిరం బిల్లు కొంత పెరుగుతుంది. క్రిస్మస్‌కు కట్టే సీరియల్ లైట్లలో కొన్ని తగ్గిస్తే అది సరిపోతుంది.

ఐదవది, బిల్లు కట్టలేని ఇల్లు. ఇన్ని చేసినా మేలో ఎవరో ఒకరికి ఆ వెయ్యి రూపాయల కాగితం వస్తుంది. వారు పదిమందిలో లేచి అడగలేరు. అందుకని ఎండాకాలపు కానుక అని ఒక చిన్న కవరు వేరుగా పెడదాం. లెక్క కోశాధికారి దగ్గర, పెద్దలిద్దరి దగ్గర ఉంటుంది. ఎవరికి కట్టామో బయటికి చెప్పము. వారు తిరిగి ఇవ్వగలిగితే ఇస్తారు, లేకపోతే లేదు. దుప్పటి తిరిగి ఇచ్చేవాడు ఇంటి గుమ్మం దగ్గర చప్పుడు చేయకుండా ఇచ్చి రావాలి.

ప్రియులారా, రాజకీయాలు మాట్లాడకుండా వాక్యము మాత్రమే చెప్పమని మమ్మల్ని ప్రేమగా హెచ్చరించేవారు ఉన్నారు. వారి మాట గౌరవిస్తాము. ఏ పార్టీకి ఓటు వేయాలో ఈ పేజీలో ఎన్నడూ రాయలేదు, రాయబోము. కానీ వాక్యమే తాకట్టు బట్ట గురించి, కూలివాని కూలి గురించి, పొలం అంచున వదిలే పరిగె గురించి మాట్లాడుతున్నప్పుడు, ఆ పుటలు తిప్పేసి మిగిలినవి చదవడం మా వల్ల కాదు. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది దయ వల్ల మాత్రమే కాదు, ఆ పరిగె ధర్మశాస్త్రంలో పేదల కోసం రాసి ఉంది కాబట్టి. దయ, చట్టం రెండూ కలిసినప్పుడే నయోమి ఇంటికి యవలు చేరాయి. మనకూ రెండూ కావాలి. సంఘము నుంచి దయ, ప్రభుత్వం నుంచి సరైన నియమం.

ఇక్కడ చెప్పిన మూడు మనవులతో మన శాసనసభ్యునికి, విద్యుత్ శాఖకు ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత దానిని చదివి వినిపిస్తాము. ఒప్పుకున్నవారు సంతకం చేయండి, వేలిముద్ర వేసేవారు వేలిముద్ర వేయండి. ఒప్పుకోనివారు ఎందుకో మాతో చెప్పండి, వింటాము. వచ్చేటప్పుడు గత మే నెల బిల్లు ఇంట్లో ఉంటే తీసుకురండి. మాటల కంటే ఆ కాగితాలే ఎక్కువ చెబుతాయి.

ఈ లోపు ప్రతి ఒక్కరికీ ఒక పని. ఈ రాత్రి మీ పక్క ఇంట్లో వృద్ధులు ఉంటే వెళ్ళి పలకరించండి. గదిలోకి వెళ్ళి కూర్చోండి. ఫ్యాను తిరుగుతోందా, కూలరులో నీళ్ళు ఉన్నాయా, తాగే నీళ్ళ చెంబు మంచం దగ్గర ఉందా చూడండి. "నాకు ఉక్క లేదు బిడ్డా" అంటే నమ్మకండి.

పగటి ఎండ దెబ్బనుండి, రాత్రి వేడి నుండి ప్రభువు మీ ఇళ్ళను కాపాడి, మీ చేతుల ద్వారా మీ పొరుగువారి ఇళ్ళను కూడా కాపాడును గాక. ఆమేన్.